పాత స్విఫ్ట్ (2011–2018) కొనేవారి ప్రశ్నలు: ఏ రిపేరు ఎప్పుడొస్తుంది, ఎంతవుతుంది

ఇక్కడి ఖర్చులన్నీ హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలో బయటి గ్యారేజీల్లో పార్టు, లేబర్ కలిపి అయ్యే అంచనాలు. కంపెనీ షోరూమ్‌లో చేయిస్తే సాధారణంగా ఇంతకంటే ఎక్కువే పడుతుంది. ఊరిని బట్టి, పార్టు కంపెనీని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది.

ఇది ఏ స్విఫ్ట్ గురించి?

2011 ఆగస్టులో వచ్చి 2018 మొదట్లో కొత్త మోడల్‌కి దారిచ్చిన రెండో తరం స్విఫ్ట్ గురించి. 2014 చివర్లో గ్రిల్, ముందు బంపర్ మార్చి మళ్లీ దించారు కానీ కింద బండి అదే. పెట్రోల్ ఇంజిన్ 1197 సీసీ, కే సిరీస్. డీజిల్ 1248 సీసీ, ఫియట్ డిజైన్. ఇంజిన్ లోపల వాల్వ్‌లు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పడానికి రెండింటికీ టైమింగ్ బెల్టు ఉండదు, చైనే. ఇదే డీజిల్ ఇంజిన్ డిజైర్, రిట్జ్, ఫియట్ పుంటో, టాటా విస్టాల్లో కూడా తిరిగింది. అందుకే మారుతి 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చేసరికి డీజిల్ ఆపేసినా స్పేర్ పార్ట్స్‌కి ఇప్పటికీ కరువు లేదు.

పెట్రోల్ తీసుకోవాలా, డీజిలా?

పెట్రోల్ స్విఫ్ట్ చిల్లర ఖర్చులు పెడుతుంది. డీజిల్ స్విఫ్ట్ చాలాకాలం ఏమీ అడగదు, అడిగిందంటే ఒకేసారి ఇరవై ముప్పై వేలు అడుగుతుంది. ఏడాదికి 15,000 కి.మీ. లోపు తిరిగేవాళ్లకి పాత డీజిల్ లాభం కాదు. మైలేజీలో మిగిలింది ఒక్క ఇంజెక్టర్ రిపేరులో పోతుంది. రోజూ హైవే మీద తిరిగేవాళ్ల సంగతి వేరు. అప్పుడైనా సర్వీసు రికార్డు ఉన్న డీజిలే తీసుకోండి. లేకపోతే పెట్రోలే నయం.

డీజిల్ ఇంజిన్‌కి చైన్ సమస్య ఉందంటారు, నిజమేనా?

నిజమే. అయితే తప్పు చైన్‌ది కంటే ఆయిల్ లేటుగా మార్చినవాళ్లదే ఎక్కువ. ఈ ఇంజిన్ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్. అది పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీద. డీజిల్ మసి ఆయిల్‌లో కలిసి ఆయిల్ చిక్కబడితే రెండు నష్టాలు: టెన్షనర్ ఆలస్యంగా బిగుస్తుంది, మసి రాపిడికి చైన్ లింకులు అరిగి చైన్ సాగుతుంది. 10,000 కి.మీ.కి మార్చాల్సిన ఆయిల్‌ని 18,000, 20,000 దాకా లాగిన బళ్లలో లక్షా పాతిక వేల కి.మీ. దాటాక ఈ జబ్బు బయటపడుతుంది.

కనిపెట్టడానికి బండి పూర్తిగా చల్లారి ఉండాలి. ముందు రోజు రాత్రే అమ్మేవాళ్లకి చెప్పి, పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తామని చెప్పండి. చల్లగా ఉంటే బానెట్ ఎత్తి, టైమింగ్ కవర్ ఉన్న పక్కన నిలబడి, వేరేవాళ్లతో సెల్ఫ్ కొట్టించండి. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమని రెండు మూడు సెకన్లు మోగి ఆగిపోతే చైన్, టెన్షనర్ అరగడం మొదలైందని అర్థం. వేడెక్కాక కూడా ఆ మోత ఆగకపోతే ఆ బండి జోలికి పోవద్దు, లేదా మొత్తం కిట్ ఖర్చు తగ్గించుకునే ధర మాట్లాడండి.

చైన్, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు కలిపి కిట్ వేయించడానికి రూ.12,000 నుంచి 18,000 అవుతుంది. చైన్ ఒక్కటే మార్చి పాత గైడ్లు ఉంచేస్తామనే మెకానిక్‌కి ఒప్పుకోవద్దు. ఆ పని రెండోసారి చేయాల్సి వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే చైన్ పళ్లు జారి టైమింగ్ తప్పుతుంది. అప్పుడు ముందు వాల్వ్‌లని తెరిచే రాకర్ ఆర్మ్‌లు విరుగుతాయి. అంతటితో ఆగితే అదృష్టం, వాల్వ్‌లు కూడా వంగితే హెడ్ దించాలి, ఖర్చు 40,000 దాటుతుంది.

డీజిల్ స్విఫ్ట్ పికప్ తగ్గింది, నల్లపొగ వస్తోంది. టర్బో పోయినట్టేనా?

ఆ తీర్పు అప్పుడే ఇవ్వకండి. చాలా బళ్లలో పాపం ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోది కాదు, దాన్నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి గాలి తీసుకెళ్లే రబ్బరు హోస్‌ది. ఏళ్ల వేడికి రబ్బరు చీరుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ‘స్‌స్‌స్’ మని గాలి లీకయ్యే మోత, హోస్ క్లాంపు చుట్టూ నూనె తడి, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉండటం దీని గుర్తులు. హోస్ మార్చడానికి రూ.1,500 నుంచి 3,000. టర్బో మార్చడానికి 18,000 నుంచి 30,000. తేడా చూశారుగా, అందుకే ముందు హోస్ చూపించండి.

రెండో అనుమానం ఈజీఆర్ వాల్వ్, అంటే పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది. సిటీలో తక్కువ స్పీడులో తిరిగే బళ్లలో మసి పేరుకుని వాల్వ్ ఇరుక్కుంటుంది. విప్పి శుభ్రం చేయించడానికి 1,000 నుంచి 1,500 సరిపోతుంది. దాన్ని మూసేసి, బ్లాంక్ ప్లేటు వేసేస్తామనేవాళ్లు ఉంటారు. అది పొల్యూషన్ చట్టానికి విరుద్ధం, చెక్ ఇంజిన్ లైటు కూడా వెలుగుతూ కూర్చుంటుంది.

నిజంగా టర్బోయే పోయిందంటే టర్బో లోపల షాఫ్ట్‌ని వేళ్లతో పట్టుకుని ఊపితే బాగా అటూ ఇటూ ఆడుతుంది, సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంది, ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది. మూడూ ఉంటేనే టర్బో మాట ఎత్తండి.

ఇంజెక్టర్లు బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంజెక్టర్లంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి. పొద్దున స్టార్టింగ్‌కి రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టాల్సి రావడం, తెల్లపొగ, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు) బండి వణకడం అవి పాడైన లక్షణాలు. నమ్మకమైన పరీక్ష రిటర్న్ లీక్ టెస్ట్. నాలుగు ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపులు తీసి నాలుగు చిన్న సీసాల్లోకి పెట్టి, ఇంజిన్‌ని ఐడిల్‌లో కొన్ని నిమిషాలు నడుపుతారు. మూడు సీసాల్లో అడుగున కాస్త డీజిల్ ఉండి, ఒకదాంట్లో సగం దాకా నిండితే దొంగ దొరికినట్టే. ఆ ఒక్కదాన్ని రిపేరు చేయిస్తే రూ.3,000 నుంచి 5,000, కొత్తది వేయిస్తే 10,000 పైనే. రిపేరు చేసిన దాన్ని టెస్ట్ బెంచ్ మీద పెట్టిన రిపోర్టు అడగండి.

ఇంజెక్టర్ చుట్టూ తారులా నల్లగా గట్టిపడి ఉండి, పక్కన ‘చఫ్ చఫ్’ మని వినిపిస్తే ఇంజెక్టర్ కాదు, కింద ఉండే రాగి వాషర్ లీకు. వాషర్ ధర వంద లోపే. కానీ ఆ ఇంజెక్టర్ని ఊడదీయడమే పెద్ద పని. తొందరపడి కొట్టి లాగితే ఇంజెక్టర్ విరుగుతుంది.

పెట్రోల్ ఇంజిన్‌లో ఏమొస్తాయి?

పెద్దవి అరుదు. ఐడిల్‌లో వణుకుతూ ‘మిస్సింగ్’ ఇస్తుంటే, అంటే ఒక సిలిండర్ సరిగ్గా పనిచేయకపోతే, ముందు స్పార్క్ ప్లగ్గులు, తర్వాత ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ చూడాలి. ప్రతి సిలిండర్‌కీ ఒక కాయిల్ ఉంటుంది కాబట్టి అనుమానం ఉన్న కాయిల్ని పక్క సిలిండర్‌కి మార్చి చూడండి. మిస్సింగ్ కూడా దానితోపాటే మారితే ఆ కాయిలే పోయింది. ఒక్కోటి రూ.1,500 నుంచి 2,500. నాలుగూ మార్చాల్సిన పని లేదు.

ఐడిల్ రేసు ఎక్కి దిగుతూ ఉంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ క్లీనింగ్, 500 నుంచి 800 రూపాయల పని. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) గ్యాస్కెట్ గట్టిపడి ఆయిల్ చెమ్మ దిగడం పదేళ్లు దాటిన బళ్లలో మామూలే, 800 నుంచి 1,500లో అయిపోతుంది. ప్లగ్గు గుంతల్లోకి ఆయిల్ చేరితే మాత్రం వెంటనే మార్చండి, లేకపోతే కాయిల్స్ కూడా పోతాయి. బయటి గ్యాస్ కిట్ బిగించిన బండి అయితే ఆర్సీలో ఆ ఇంధనం ఎక్కించి ఉందో లేదో చూడాలి. ఎక్కించకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్‌తో తలనొప్పి.

గతుకుల్లో ‘టక్ టక్’ మని చప్పుడు వస్తోంది. షాకబ్జర్లేనా?

స్విఫ్ట్ గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఎక్కువమంది అనవసరంగా డబ్బు పోగొట్టుకునేదీ ఇక్కడే. మన రోడ్ల మీద, స్పీడ్ బ్రేకర్ల మీద ముందు పోయేవి షాకబ్జర్లు కావు, సస్పెన్షన్‌లో ఉండే లింక్ రాడ్లు అనే చిన్న కడ్డీలు. ఏ చప్పుడు ఎక్కడిదో వరసగా తెలుసుకోవాలి.

నెమ్మదిగా పోతున్నప్పుడు చిన్న గతుకుల్లో ‘టక్ టక్’ అంటే లింక్ రాడ్. ఒక్కోటి 500 నుంచి 800. ముందు ఇవి మార్చి చూడండి, సగం బళ్లలో కథ ఇక్కడితో ముగుస్తుంది. బ్రేకు వేసినప్పుడు కింద ‘గడ్’ మని, బండి ఓ పక్కకి లాగితే చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు. బుష్ ఒక్కటే కొట్టించుకోవచ్చు గానీ బాల్ జాయింట్ కూడా అరిగి ఉంటే ఆర్మ్ మొత్తం మార్చడమే మంచిది, ఒక పక్కకి 1,800 నుంచి 2,500.

బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’ మని స్ప్రింగ్ ఎగిరినట్టు మోగితే ముందు షాకబ్జర్‌ని పైన పట్టి ఉంచే స్ట్రట్ మౌంటింగ్, బేరింగ్ పోయినట్టు. ఖాయం చేసుకోవడానికి ఒకరు స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పుతుంటే మీరు చక్రం వెనకనుంచి అరచెయ్యి స్ప్రింగ్ మీద ఆనించండి. వేళ్లు మాత్రం చుట్ల మధ్యలోకి పోనివ్వకండి. స్ప్రింగ్ సాఫీగా తిరగకుండా పట్టుకుని, ఉన్నట్టుండి జారితే చేతికి తెలిసిపోతుంది.

షాకబ్జర్ పోయిందనడానికి గుర్తు దాని ఒంటి మీద నూనె కారి ఉండటం, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఇంకా రెండు మూడు సార్లు ఊగడం. ముందు జత మౌంటింగ్‌లతో సహా 6,500 నుంచి 9,000, వెనక జత 3,000 నుంచి 4,500. ఎప్పుడు మార్చినా జతగానే మార్చాలి, ఆ వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. లేకపోతే కొత్త టైర్లు ఆరు నెలల్లో ఓ అంచు తినేస్తాయి.

చప్పుడు గతుకులో కాకుండా, 60–80 కి.మీ. స్పీడులో విమానంలా గుయ్యిమంటూ స్పీడుతోపాటు పెరిగితే అది వీల్ బేరింగ్. ఎడమకి తిప్పినప్పుడు మోత పెరిగితే కుడివైపు బేరింగ్‌ది, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమవైపుది. ఒక పక్క 1,500 నుంచి 2,500.

స్టీరింగ్‌లో చప్పుడు, గట్టిదనం?

పవర్ స్టీరింగ్ ఎలక్ట్రిక్. గతుకుల్లో స్టీరింగ్ చక్రంలోనే చిన్న తట్టుడు తెలిస్తే ర్యాక్ (చక్రాలని తిప్పే కడ్డీ) బుష్, లేదా కాలమ్ కింది జాయింట్. బుష్‌తో సరిపోయే పనికి 1,500లోపు, ర్యాక్ మొత్తం మార్చాలంటే 10,000 పైనే. డాష్‌బోర్డులో స్టీరింగ్ లైటు వెలిగితే ర్యాక్ మీద పడకముందు బ్యాటరీ వోల్టేజీ, టెర్మినళ్లు చూపించండి. బ్యాటరీ బలహీనపడినా అదే లైటు వెలుగుతుంది.

క్లచ్ ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?

పూర్తిగా నడిపే మనిషి మీద ఆధారం. పెడల్ మీద కాలు పెట్టుకుని నడిపే అలవాటున్న చేతుల్లో 50,000కే పోతుంది, హైవే బండిలో లక్ష దాటుతుంది. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 స్పీడులో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ముందుకి దూకి, స్పీడు మాత్రం మెల్లగా పెరిగితే క్లచ్ జారుతోంది. పెట్రోల్‌కి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కలిపి 6,000 నుంచి 8,500, డీజిల్‌కి 9,000 నుంచి 13,000. పెడల్ గట్టిగా ఉందని మాత్రమే ఫిర్యాదైతే ముందు కేబుల్ మార్చి చూడండి, అది వెయ్యి రూపాయల వ్యవహారం.

ఏసీ గ్యాస్ మళ్లీ మళ్లీ నింపాల్సి వస్తోంది, ఎందుకు?

ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. ఏటా నింపాల్సి వస్తుంటే ఎక్కడో లీకుంది. బంపర్ వెనకే ఉండే కండెన్సర్‌కి రాళ్లు తగిలి చిల్లు పడటం మొదటి అనుమానం. దాని ఖర్చు 4,000 నుంచి 6,500. రెండోది డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్. కాయిల్ ధర కంటే డాష్‌బోర్డు విప్పి బిగించే పనే పెద్దది, మొత్తం 6,000 నుంచి 9,000. ఆ విప్పడంలో క్లిప్పులు విరగ్గొడితే తర్వాత జీవితాంతం డాష్‌బోర్డు కిరకిరలాడుతుంది, అందుకే ఈ పని ఏసీ పనే చేసేవాళ్ల దగ్గర చేయించండి. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి లీకు చూపించకుండా నేరుగా గ్యాస్ కొట్టేవాళ్లకి డబ్బులివ్వకండి. ఎన్ని గ్రాములు కొట్టాలో బానెట్ కింద స్టిక్కరు మీద ఉంటుంది. కంప్రెసర్ పోతే 15,000 నుంచి 22,000.

కొనే ముందు ఏసీ పరీక్ష మధ్యాహ్నం ఎండలో, బండి నిలబెట్టి పదిహేను నిమిషాలు చేయాలి. పొద్దున్న ఏ ఏసీ అయినా చల్లగానే వస్తుంది.

వరదలో మునిగిన కారుని ఎలా గుర్తుపట్టాలి?

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో చాలా కార్లు మునిగాయి. అవన్నీ తుక్కుకి పోలేదు. లోపల సెంటు కొట్టి ఘుమఘుమలాడిస్తున్న పాత కారుని మొదట అనుమానించండి. నాలుగు సీట్ బెల్టులూ చివరిదాకా లాగి చూడండి. బయట కనిపించే భాగం ఉతికేస్తారు గానీ, లోపల చుట్టుకుని ఉన్న చివరి అడుగులో బురద చార ఉండిపోతుంది. తర్వాత ముందు సీటు కింద కార్పెట్ మూల ఎత్తి చెమ్మ ఉందేమో చెయ్యి పెట్టి చూడండి. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, స్టెప్నీ గుంతలో సన్నటి ఇసుక, ఫ్యూజ్ బాక్స్ పిన్నుల మీద ఆకుపచ్చ పొడి, వీటిలో రెండు కనిపిస్తే వచ్చేయండి. ధర ఎంత తగ్గించినా వద్దు. వైరింగ్ జబ్బు ఒకచోట నయం చేస్తే ఇంకోచోట తేలుతుంది.

మీటర్ తిప్పారేమో తెలుసుకోవచ్చా?

బండి నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత సర్వీసుల రికార్డు అడిగించండి. చివరి సర్వీసులో 1,10,000 ఉండి ఇప్పుడు మీటరు 72,000 చూపిస్తుంటే మాటలక్కర్లేదు. రికార్డు లేకపోతే క్లచ్ పెడల్ రబ్బరు నున్నబడటం, స్టీరింగ్ తోలు మెరుపు, బ్రేకు డిస్కు అంచున చేతికి తగిలే గట్టు చెబుతాయి.

ఢిల్లీ నుంచి వచ్చిన డీజిల్ స్విఫ్ట్ చవగ్గా ఉంది, తీసుకోవచ్చా?

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద పెట్టిన ఆంక్షల వల్లే అవి చవగ్గా ఇటు రావడం మొదలైంది. బండి మంచిదే కావచ్చు. కాగితాలే అసలు పరీక్ష. అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), లోన్ ఉంటే అది తీరిందని బ్యాంకు నుంచి ఫారం 35, అమ్మేవారి సంతకంతో పేరు మార్పు కోసం ఫారం 29, 30 చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఇక్కడ నంబరు మార్చుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు 12 నెలలు, అప్పుడు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ పన్ను లెక్క వేసుకుంటే ‘చవక’ చాలాసార్లు మాయమవుతుంది.

2011, 2012 మోడల్ కొనొచ్చా?

సొంత కారు ఆర్సీ చెల్లుబాటు 15 ఏళ్లు. 2011 చివర్లో రిజిస్టరైన దానికి 2026లో ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంటుంది. ఆ ఖర్చు, తిరుగుడు ధరలో తగ్గించుకోండి. 2013 నవంబరు 12 నుంచి 2014 ఫిబ్రవరి 4 మధ్య తయారైన స్విఫ్ట్‌లని ఇంధనం నింపే గొట్టం లోపంతో కంపెనీ వెనక్కి పిలిచింది. ఆ తేదీల బండైతే పని అయిందో లేదో ఛాసిస్ నంబరుతో అడగండి.

ఎయిర్‌బ్యాగులు అన్నింట్లో ఉంటాయా?

ఉండవు. కింది వేరియంట్లు చాలావాటిలో లేవు. 2014 నవంబరులో కార్లని ఢీకొట్టించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌కి సున్నా స్టార్లు వచ్చాయి. తర్వాత బయట బిగించుకునే వీలు లేని వస్తువులివి. కాబట్టి పాత వేరియంట్లలో పైవైన జెడ్ఎక్స్ఐ (పెట్రోల్), జెడ్‌డీఐ (డీజిల్) వెతకడానికి ఇంకో నెల ఆగినా నష్టం లేదు.

రిపేర్ల లెక్కతో బేరం ఎలా ఆడాలి?

నోటితో కాదు, కాగితం మీద. ఉదాహరణకి 90,000 కి.మీ. తిరిగిన పెట్రోల్ వీఎక్స్ఐ (మధ్య వేరియంట్) చూశారు. టైర్లు నున్నగా ఉన్నాయి, నాలుగు 14 అంగుళాలవి, ఒక్కోటి 4,500 చొప్పున 18,000. క్లచ్ జారుతోంది, 7,500. ముందు సస్పెన్షన్ 9,000. బ్యాటరీ 4,500. మొత్తం 39,000. ఈ చీటీ ముందు పెట్టి మాట్లాడితే, కన్సల్టెన్సీవాళ్లు కూడా పాతిక వేల దాకా దిగుతారు. గీతలు, చొట్టలు చూపించి ఆడే బేరానికి రెండు మూడు వేలే తగ్గుతుంది.

పార్టులు ఎక్కడ కొనాలి?

విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి చోట్ల ఒరిజినల్‌తోపాటు అచ్చం అదే డబ్బాలో డూప్లికేట్ కూడా దొరుకుతుంది. ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు, చైన్ కిట్, క్లచ్ మాత్రం బిల్లుతో కొనండి. లింక్ రాడ్లు, బుష్‌ల లాంటివి పేరున్న బయటి కంపెనీలవైనా పర్వాలేదు. మార్చిన పాత పార్టు మీ చేతికివ్వమని ముందే చెప్పండి.

కొన్న వెంటనే ఏమేం చేయించాలి?

అమ్మినవాళ్లు ‘నిన్ననే సర్వీసు చేయించాం’ అన్నా పట్టించుకోకుండా ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పెట్రోల్‌కి 5డబ్ల్యూ-30 గ్రేడు ఆయిల్, మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది. డీజిల్‌కి మాన్యువల్లో ఉన్న గ్రేడే పోయించండి, దానికి డీజిల్ ఫిల్టర్ కూడా కొత్తది వేయించి, అడుగున నీళ్లుంటే తీయించండి. ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ కూడా అదే రోజు. కూలెంట్ ట్యాంకులో ఉన్నది మామూలు నీళ్లయితే ఒకసారి పూర్తిగా దింపి ఫ్లష్ చేయించాలి, తుప్పు రంగు నీళ్లొస్తే రెండుసార్లు. అన్నీ కలిపి పెట్రోల్‌కి 4,500 నుంచి 6,000, డీజిల్‌కి 6,500 నుంచి 8,500. ఆ రోజు మీటర్ అంకె ఓ కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. డీజిల్‌కి తర్వాతి ఆయిల్ 10,000 దాకా ఆగకుండా 7,500కే మార్పించండి.